మూడో దెబ్బ

“తెల్లారినకాణ్ణించీ మంచమ్మీద సప్పుడు లేదే గుంటా. మీ మావ ఎల్పోనాడు.”

పోయిన నెలలో ఒక పొద్దున అత్త ఫోన్లో చెప్పింది ఇంతే. నేనప్పుడు నగర్‌నార్ దగ్గర మా బడి వరండాలో నిలబడి ఉన్నాను. ప్రార్థనకి పిల్లలు వరసలు కడుతున్నారు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని అత్త ఏడుపు వింటూ ఉండిపోయాను. ఈ బడిలో నేను ఇంగ్లీషు టీచర్ని. ఈ ఉద్యోగం మావయ్య పెట్టిన భిక్ష అంటే ఆయన ఊరుకునేవాడు కాదు, కాని నిజం అదే.

ఆయన నాకు రక్తసంబంధి కాదు. ఆంధ్రా దాటి కిరండూల్ ఇనుపగనులకి పోయే రైలు లైను మీద ఓ చిన్న స్టేషన్లో, రైల్వే క్వార్టర్లలో మా పక్కింటి మనిషి. మాది బొబ్బిలి వైపు, వాళ్లది శృంగవరపుకోట వైపు. వాళ్లు ఆదివారం చర్చికి వెళ్లేవారు, మా అమ్మ శనివారం ఒంటిపూట ఉండేది. మధ్యలో ఉన్న నడుమెత్తు గోడ మీద నుంచి కూరగిన్నెలూ కబుర్లూ ఎటు నుంచి ఎటు వెళ్లేవో లెక్కలేదు. నాన్న ఆయనకి బావ అయ్యాడు, ఆయన నాకు మావయ్య అయ్యాడు.

మావయ్య కీమేన్. మీలో ఆ లైను మీద ప్రయాణం చేసినవాళ్లు కిటికీలోంచి ఇలాంటి మనిషిని చూసే ఉంటారు. నారింజరంగు చొక్కా తొడుక్కుని, భుజాన సుత్తి, చంకలో ఎర్రజెండా పచ్చజెండా పెట్టుకుని రైలు వెళ్లేదాకా పక్కకి తప్పుకుని నిలబడతాడు. రైలు వెళ్లిపోయాక మళ్లీ పట్టాల మీదికెక్కి నడుస్తాడు. పట్టాల్ని స్లీపర్లకి బిగించి ఉంచే ఇనుప క్లిప్పులు ఎక్కడ వదులయ్యాయో చూసుకుంటూ, సుత్తితో కొట్టి కూర్చోబెట్టుకుంటూ తన వంతు దూరం, అంటే తన బీటు, రోజూ నడవడం ఆయన పని. ఇనుపరాయి మోసే గూడ్సుల బరువుకి ఆ క్లిప్పులు రోజూ కదిలేవి. ఈయన రోజూ కొట్టేవాడు. కొట్టినప్పుడల్లా మూడు దెబ్బలు, ఎక్కువా తక్కువా కాదు.

ఆ మూడు దెబ్బల్లోనే ఇంగ్లీషు నేర్చుకున్నాడు. గో, వెంట్, గాన్. బ్రేక్, బ్రోక్, బ్రోకెన్. దెబ్బకో మాట. పదో తరగతి ఇంగ్లీషులో పోయి బడి మానేసిన మనిషి ఆయన. ఆ సంగతి లోపల ఎక్కడో గుచ్చుకుంటూ ఉండేదనుకుంటాను. ఒకసారి గీదం సంతలో చింతపండు కొంటే, దుకాణదారు ఏదో పాత గ్రామరు పుస్తకంలో కాగితం చింపి పొట్లం కట్టిచ్చాడు. ఇంటికొచ్చి చింతపండు డబ్బాలో పోసి ఆ కాగితం చదివాడట. పై వారం సంతకి వెళ్లి ఆ పుస్తకంలో మిగిలిన కాగితాలన్నీ అడిగి తెచ్చుకున్నాడు. అప్పటికే ముందు భాగమంతా పొట్లాలై ఊళ్లోకి వెళ్లిపోయింది. ఆయనకి దక్కింది పన్నెండు కాగితాలు. వాటిలో సగం క్రియల మూడు రూపాల పట్టిక, సగం మాటకి ముందూ వెనకా ముక్కలు చేర్చి కొత్త మాటలు చేసే అభ్యాసాలు.

కాబట్టి మావయ్యకి వచ్చిన ఇంగ్లీషు చాలా విచిత్రమైన ఇంగ్లీషు. ఎప్పుడూ ఎవరూ వాడని క్రియలకి కూడా మూడు రూపాలూ తడుముకోకుండా చెప్పేవాడు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు “హౌ ఆర్ యూ?” అంటే మాత్రం “యస్సార్” అని సెల్యూట్ కొట్టేవాడు. క్వార్టర్లలో కుర్రకారు ఆయన్ని సుత్తి మావయ్య అనేవాళ్లు. ఆయనకి తెలుసు. “అవును మరి, సేతిలో సుత్తే కదేటి ఉంది” అని నవ్వేసేవాడు.

ఆ పన్నెండు కాగితాల సంగతి ఇంకొకటి చెప్పాలి. పట్టిక ఆఖరి కాగితం కింది భాగం చిరిగిపోయింది. ‘స్పీక్’ దగ్గరికొచ్చేసరికి అయిపోయింది. టేక్, టెల్, థింక్, రైట్, మనిషికి రోజూ పనికొచ్చేవన్నీ ఆ చిరిగిన ముక్కలోనే ఉన్నాయి, అది ఎవరింటి చింతపండుతో వెళ్లిందో తెలియదు. అందుచేత ఆయన దగ్గర నేర్చుకున్న మా స్టేషను పిల్లలందరం ఎస్ దాకా పులులం, ఆ తర్వాత పిల్లులం. మా బడిలో ఇంగ్లీషు సారుకి ఎన్నేళ్లు గడిచినా ఈ జబ్బేమిటో అంతుపట్టలేదు.

నేను పదో తరగతి ఇంగ్లీషులో పోయాను. మాది హిందీ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఆటల్లో హల్బీ, స్టేషన్ పంపు దగ్గర నీళ్లు పట్టుకునేటప్పుడు గోండీ. ఇన్ని నోట్లో పెట్టుకుని తిరిగిన నాకు ఇంగ్లీషు దగ్గర నోరు పెగల్లేదు. నాన్న స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆయన అరవలేదు, కొట్టలేదు. కంచం ముందు కూర్చుని నెమ్మదిగా అన్నాడు.

“ఇంకొకపాలి రాయి. అప్పటికీ పోతే సదువు బందు. బొబ్బిలెల్లి మీ మామ్మకాడ ఉండి మిషను నేర్చుకుందువు గాని.”

నాకు నర్సో టీచరో ఏదో ఒకటి కావాలని ఉండేది. కుట్టుమిషను ముందు నన్ను నేను ఊహించుకుంటే ఏడుపొచ్చేది. గోడవతల నుంచి మావయ్య అంతా విన్నాడు.

“గుంటని సాయంత్రం పూట మాకాడికి పంపు బావా. నానూ ఇంగ్లీసులోనే పోయినోణ్ణి. ఎక్కడ పోతాదో నాకు ఎరికే.”

వెళ్లాను. పక్క క్వార్టర్ అమ్మాయి, నా జతది, అది కూడా వచ్చింది. అది కూడా పోయినదే. మావయ్య డ్యూటీ దిగి, ఎర్రదుమ్మంతా కడుక్కుని, ఇనుపమంచం మీద కూర్చునేవాడు. మేం కింద చాప మీద. మా చేతికి ఏది దొరికితే దానితో తట్టాలి, గరిటె, పెన్సిలు, గాజులచెయ్యి. క్రియకి మూడు దెబ్బలు. మొదటి రెండూ నాకు బాగానే వచ్చేవి. మూడోది ఎందుకో బుర్రకెక్కేది కాదు. ఒకరోజు విసుగొచ్చి, అసలిదెందుకు మావయ్యా, నిన్న జరిగిందానికి రెండోది ఉంది కదా అన్నాను. ఆయన పట్టాలవైపు చెయ్యి చూపించాడు.

“సూడూ. నాను రోజూ బీటు నడస్తాను. అది ఒకటి. నిన్న నడిసినాను. అది రెండు. ఇయ్యాల నడిసీసినాను. అంటే మరింక ఆ పని మీద బెంగ లేదు, రైలు రావొచ్చు. అదే మూడోది.”

నడిసీసినాను! మా ఉత్తరాంధ్ర వాళ్లం నోరు తెరిస్తే ఆ ‘ఈసి’ లేకుండా ఒక్క మాట రాదు. తినీసినాను, రాసీసినాను, ఎల్లీసినాడు. బడిలో రెండేళ్లు ఎంత చెప్పినా నాకు ఎక్కని సంగతి మా యాసలో నా నాలిక మీదే ఉంది. ఇవాళ్టికీ తెలుగింటి పిల్లలెవరైనా నా క్లాసులో దొరికితే ఈ టెన్సు ఇలాగే చెబుతాను.

మాటల అల్లిక నేర్పడానికి ఆయనకి రైలు చాలు. మా లైను మీద ఘాట్ ఎక్కే గూడ్సుకి ముందూ వెనకా ఇంజన్లు తగిలిస్తారు. గోడ మీద సుద్దముక్కతో ‘కైండ్’ అని రాసి, ముందు ‘అన్’, వెనక ‘నెస్’ తగిలించి, “ఇప్పుడు సూడు, డబ్బా అదే. బండి మారిపోనాది” అనేవాడు. తప్పుగా తగిలిస్తే తిట్టేవాడు కాదు. “పట్టా తప్పింది, మళ్లీ ఎత్తు” అనేవాడు. నేను రెండు రూపాలు చెప్పి మూడోదాని దగ్గర దిక్కులు చూస్తే మాత్రం కదలనిచ్చేవాడు కాదు.

“రెండో దెబ్బకాడ ఆగిపోకు. క్లిప్పు కూకునేది మూడో దెబ్బకే.”

ఆయన చెప్పగా నేనెన్నిసార్లు విన్నానో లెక్కలేని మాట ఇది. ఇంకో అలవాటు కూడా మాకు తెలియకుండానే పట్టుకుంది. పగలు ఎక్కడో లైను మీద ఆయన సుత్తి మూడుసార్లు మోగితే, క్వార్టర్లలో మేం ఏ పనిలో ఉన్నా ఆ పని మీదే మూడుసార్లు తట్టి, ఒక క్రియ చెప్పుకునేవాళ్లం. అమ్మ గిన్నెలకి సొట్టలు పడుతున్నాయని మొత్తుకునేది.

పరీక్ష రోజు మా కొంప ముంచింది ఈ అలవాటే.

మాకు పరీక్ష పడిన బడి పట్టాల పక్కనే ఉంది, మావయ్య బీటులోనే. ఆ సంగతి మాకు అప్పటిదాకా తోచలేదు. పేపరు సగం అయింది. నేను క్రియల ప్రశ్న మొదలుపెట్టాను. కిటికీ అవతల నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. నా పెన్ను దానంతట అదే బల్ల మీద మూడుసార్లు తట్టింది. వెనక బల్ల మీద నా జతది కూడా తట్టింది. మళ్లీ బయట మూడు, మళ్లీ లోపల మూడు. కాపలాకి వచ్చిన సారు మాకు కొత్త. బయట నారింజచొక్కా మనిషి ఇనుము కొట్టడం, లోపల ఇద్దరు ఆడపిల్లలు జవాబివ్వడం కళ్లారా చూశాడు.

“ఏ క్యా ఇషారా చల్ రహా హై?” అని ఒక్క అంగలో వచ్చి మా ఇద్దరి పేపర్లూ లాక్కున్నాడు.

సైగలు కాదని ఎంత చెప్పినా ఆయన వినలేదు. పెద్దసారు గదిలో నిలబెట్టారు. కాపీ కేసు రాస్తే ఈ ఏడు సరే, పై ఏడు కూడా రాయనివ్వరని అక్కడెవరో అన్నారు. నా కళ్ల ముందు బొబ్బిలి, మామ్మ, కుట్టుమిషను. నా జతది వెక్కుతూనే ఉంది. ఈలోగా ప్యూను పరిగెత్తి వెళ్లి మావయ్యని లైను మీద నుంచి పట్టుకొచ్చాడు.

సుత్తీ జెండాలతో గుమ్మంలో నిలబడి మా మొహాలు చూశాడు. విషయం విన్నాడు. ఆయన అక్కడ మాట్లాడింది హిందీలో, కాని నాకు గుర్తున్నది మాత్రం ఆయన తెలుగులోనే.

“సార్, నాను టెన్తు పెయిలు. అదీ ఇంగ్లీసులోనే. నాను ఈ గుంటలకి జవాబులు సెప్పడవేటి? తట్టడం నానే నేర్పినాను, అదొక్కటే నా తప్పు. ఆళ్లకి వొచ్చో రాదో మీరే అడగండి. నాను గోడకాసి తిరిగి నిల్చుంటాను.”

తిరిగి నిలబడ్డాడు కూడా. పెద్దసారు బల్ల మీద గ్రామరు పుస్తకం అందుకుని పట్టిక తీశాడు. వెనక నుంచి తిప్పడం మొదలుపెట్టాడు. ఆఖరి పేజీ అంటే ఎస్ తర్వాతే కదా, ఆ పేజీలో ఏదడిగినా మేం మునిగినట్టే. గోడవైపు తిరిగిన మావయ్య మెడ మీద చెమట కారడం నాకు కనిపిస్తోంది. పెద్దసారు రెండు పేజీలు వెనక్కి తిప్పి, వేలు ఒకచోట ఆపి, నావైపు చూశాడు.

“ఫర్‌సేక్.”

నా చెయ్యి తట్టడానికి లేచింది. మరో చేత్తో దాన్ని పట్టుకున్నాను. ఫర్‌సేక్. ఫర్‌సుక్. అక్కడ ఆగిపోయాను. మావయ్య వెనక్కి తిరగలేదు, దగ్గలేదు, కాలు కూడా కదపలేదు. ఆ చిన్న సాయం కూడా చేయకపోవడం ఎంత కష్టమో నాకు టీచరునయ్యాకే తెలిసింది. రెండో దెబ్బకాడ ఆగిపోకు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఫర్‌సేకెన్ అన్నాను.

నా జతదాన్ని ఇంకో రెండు అడిగారు. చెప్పింది. పెద్దసారు పుస్తకం మూసి, పేపర్లు తిరిగి ఇమ్మన్నాడు. మావయ్యతో, ఇక పరీక్ష అయ్యేదాకా ఈ చుట్టుపక్కల సుత్తి చప్పుడు వినపడకూడదు, కొట్టకుండా వెళ్లిపో అన్నాడు. మావయ్య భుజం మీద సుత్తి దించి పెద్దసారు బల్ల మీద పెట్టాడు.

“కొట్టకుండా ఎల్లమంటే నా వొల్ల కాదు సార్. వదులు క్లిప్పు కనపడితే సెయ్యి ఆగదు. ఇది మీకాడుంటేనే ఆగుతాది. పరీచ్చ అయిపోయినాక అట్టుకుపోతాను.”

సుత్తి లేకుండా బీటు మీద తిరగడం కీమేన్‌కి ఎంత తప్పో నాకు అప్పుడు తెలియదు. మేం వెళ్లి రాయడానికి కూర్చున్నాం. కిటికీ బయట ఏ చప్పుడూ లేదు. బల్ల మీద తట్టే ధైర్యం లేక, చెప్పులో కాలి బొటనవేలితో మూడేసి సార్లు నొక్కుకుంటూ రాశాను.

తర్వాత నాన్న చెప్పాడు. మావయ్య సుత్తి లేకుండా బీటంతా నడిచి, వదులైన ప్రతి క్లిప్పు దగ్గరా సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. మేం పరీక్ష రాసి ఇళ్లకి చేరాక బడికి వచ్చి సుత్తి తీసుకుని, మళ్లీ మొదటి నుంచి అంత దూరమూ నడిచి ఒక్కొక్కటీ కొట్టాడు. గ్యాంగు మేస్త్రీకి తనే వెళ్లి చెప్పి, కడుపు నిండా చీవాట్లు తిన్నాడు. ఆ సంగతి మాతో ఏనాడూ ఎత్తలేదు. నేను ఎత్తితే, “ఆ పొద్దు రెండుపాల్లు నడిసినాను, ఆకలి బాగా ఏసింది” అన్నాడు, అంతే.

మేమిద్దరం గట్టెక్కాం. ‘టేక్’ అడిగిన ప్రశ్న దగ్గర ఇద్దరికీ మార్కులు పోయాయి, అది వేరే సంగతి. నా జతది ఇప్పుడు జగదల్‌పూర్‌లో నర్సు.

నేను కాలేజీలో చేరిన ఏడు, మంచి గ్రామరు పుస్తకం ఒకటి కొని ఆయనకి తెచ్చిచ్చాను. ముందు పేజీలు చూడలేదు. తిన్నగా పట్టిక చివరికి వెళ్లి, ‘స్పీక్’ మీద వేలు పెట్టి, అక్కణ్ణించి కిందికి జరిపాడు. స్పెండ్, స్టాండ్, స్వీప్, టేక్, టీచ్. కింద దాకా వెళ్లి, వేలు మళ్లీ ‘స్పీక్’ దగ్గరికి తెచ్చాడు. ఆయన చిన్నబుచ్చుకున్నాడేమోనని నాకు భయమేసింది.

“ఓలమ్మో, ఇన్నున్నాయేటి ఇంకా!” అన్నాడు చివరికి. తర్వాత నావైపు తిరిగాడు. “మీ అందరికీ సగం కాయితమే ఇచ్చినాన్రా.”

ఆయన కళ్లలో నీళ్లు నేను చూసింది అదొక్కసారే. సగం కాగితంతోనే మమ్మల్ని ఒడ్డున పడేశావు మావయ్యా అని అప్పుడే అనాల్సింది. సిగ్గుపడి అనలేదు. ఆ లోటు నాకు ఉండిపోయింది. మర్నాటి నుంచి యాభై దాటిన ఆ మనిషి ‘స్పెండ్’ నుంచి డబ్ల్యూ దాకా సుత్తి మీద కొత్తగా మొదలుపెట్టాడని అత్త చెప్పింది.

రిటైరైనప్పుడు సుత్తి డిపోలో అప్పగించేయాలి. పిడి మాత్రం ఆయన సొంతంగా చెక్కుకున్నది. అది ఊడదీసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడిచెయ్యి కూడా. ఎడమచేత్తో ఆ పిడి పట్టుకుని ఇనుపమంచం మీద మూడుసార్లు తట్టేవాడు. ఒక్క ఇంగ్లీషు అక్షరం రాని మా అత్త, ఇరవై ఏళ్లుగా విని విని, పొయ్యి దగ్గర నుంచే “బిగిన్, బిగాన్, బిగన్! టీ అట్టుకొస్తన్నాను, ఉండు” అనేది. నేను సెలవులకి వెళితే మొదటి రూపం చెప్పేదాన్ని. ఆయన మూడుసార్లు తట్టేవాడు, నేను పూర్తి చేసేదాన్ని. నేను కావాలని రెండోదాని దగ్గర ఆగితే మంచం కోడు గట్టిగా మోగించేవాడు. అలిగినట్టు మొహం పెట్టేవాడు.

అత్త ఫోన్లో చెప్పిన చప్పుడు ఇదే.

నేను వెళ్లేసరికి పెట్టె సిద్ధంగా ఉంది. పాస్టరుగారు హిందీలో ప్రార్థన చేశారు, గ్యాంగు వాళ్లు గోండీలో మాట్లాడుకుంటూ మోశారు. అత్త ఆ పిడిని పెట్టెలో పెట్టబోయి, ఏమనుకుందో ఏమో, నా చేతిలో పెట్టింది.

“మీ మావకి పైన ఇంకేటి పని. నివ్వు కొట్టు.”

అది ఇప్పుడు మా స్టాఫ్‌రూములో నా బీరువాలో ఉంది. క్లాసులో బల్ల మీద తట్టేది దానితోనే. పోయిన వారం మా బడిలో ఇంగ్లీషు పరీక్ష జరిగింది. కొత్తగా చేరిన కుర్ర సారూ నేనూ కాపలా. గది నిశ్శబ్దంగా ఉంది. కిటికీ పక్క బల్ల నుంచి మెల్లగా రెండుసార్లు తట్టిన చప్పుడైంది. కుర్ర సారు చటక్కున లేచాడు. కూర్చోమని చేత్తో సైగ చేశాను.

ఎవరో తెలుసు. పోయిన ఏడు ఇంగ్లీషులో పోయిన పిల్ల. ఇంట్లో ఈసారే ఆఖరన్నారని నాతో చెప్పుకుని ఏడ్చిన పిల్ల. పెన్ను పైకెత్తి పట్టుకుని, పైకప్పుకేసి చూస్తోంది. రెండో దెబ్బకాడ ఆగిపోకు అన్న మాట నాకు నోటి చివర దాకా వచ్చింది. ఆ పిల్లవైపు చూడకుండా, గోడవైపు తిరిగి నిలబడ్డాను. దగ్గలేదు. కాలు కదపలేదు. మెడ మీద చెమట పోస్తోంది. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను.

వెనక నుంచి మూడోది వినిపించింది.